జిహ్వగారి పొద్దుటి టీ

ఆ బిస్కెట్ల ఫ్యాక్టరీలో పిండి కలిపే పెద్ద పెద్ద యంత్రాలున్నాయి, నలుసంత తేడా వచ్చినా ఎర్రదీపం వెలిగించే తూకాలున్నాయి, ఇంత పొడుగు పొయ్యి ఉంది. ఇన్ని ఉండి కూడా, పొద్దున దిగిన మొదటి వాయి బజారుకి వెళ్ళాలా వద్దా అని తేల్చేది ఒక మనిషి నాలుక. ఆ మనిషి కిటికీ పక్కన చేతుల కుర్చీలో కూర్చుని, బిస్కెట్టును చెవి దగ్గర పెట్టుకుని విరిచి, ఆ చప్పుడు విని, ముక్కను నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. కళ్ళు తెరిచి “సరే” అంటే లారీ కదిలేది. “కాదు” అంటే వాయి వాయంతా పక్కకి పోయేది. ఎందుకు కాదని అడిగే సాహసం మేనేజరు కూడా చేసేవాడు కాదు.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు గానీ ఆ ఫ్యాక్టరీలో అందరి పుర్రెలకీ కలిపి ఒకటే జిహ్వ. అందుకని ఆయనకి జిహ్వగారని పేరు పడింది. పెట్టింది స్వయానా ఆయన బావమరిది, అక్కడే పిండి కలిపే మేస్త్రీ. వాడు వెటకారంగా పెడితే ఈయన బిరుదుగా పుచ్చుకున్నాడు.

అలాంటి నాలుకతో కాపురం చేయడమంటే మాటలా? జిహ్వగారి భార్యని అడగాలి. కూరలో ఉప్పు ఒక రవ్వ తగ్గితే మొదటి ముద్దకే తీర్పు వచ్చేసేది. ఆవిడ పగలంతా కళ్ళజోళ్ళ షాపులో పనిచేసి, మొండి ముక్కుల మీద ఫ్రేములు నిలబెట్టి, ఇంటికొచ్చి వంట చేసేది. తీర్పులకి జవాబు చెప్పే ఓపిక ఆవిడకి ఎప్పుడో అయిపోయింది. నవ్వి ఊరుకోవడం నేర్చుకుంది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో జిహ్వగారికి రక్తపరీక్ష చేశారు. చక్కెర గీత మీద నిలబడి ఉందనీ, ఒక్క అడుగు అటు వేస్తే ఇక జన్మంతా మందులేననీ డాక్టరు చెప్పాడు. ఆయన ఆ మాటని ఆసుపత్రి గేటు దాటకముందే మరిచిపోయాడు. ఆవిడ మరవలేదు. చక్కెర జబ్బుతో కాలు పోగొట్టుకున్న తండ్రికి రోజూ కట్టు మార్చిన చేతులు ఆవిడవి. ఆవిడకి భయమేసింది. భయమేస్తే ఆవిడ ఏడుస్తూ కూర్చునే రకం కాదు, సంచీ పట్టుకుని బజారుకి వెళ్ళే రకం.

ఆ సాయంత్రం నుంచి ఫ్రిజ్జులో రంగు నీళ్ళ సీసాలు మాయమయ్యాయి. వాటి స్థానంలో గాజు జగ్గు వచ్చింది.

“ఏమిటిది?” అన్నాడు జిహ్వగారు, గ్లాసు ఎత్తి వెలుతురులో చూస్తూ.

“కీరదోసకాయ ముక్కలు, పుదీనా, నిమ్మకాయ వేసిన నీళ్ళు.”

“కూరగాయలు కడిగిన నీళ్ళని ఒక్క ముక్కలో చెప్పొచ్చుగా.”

“కడిగిన నీళ్ళే. తాగండి.”

మర్నాడు మొలకలొచ్చిన పెసలు వచ్చాయి. “కుండీలో చల్లాల్సినవి కంచంలో చల్లావు,” అన్నాడు. ఆ మర్నాడు బీట్‌రూట్ రసం. “ఇది తాగి వీధిలోకి వెళ్తే ఎవరితోనో కొట్టుకుని వచ్చాననుకుంటారు,” అన్నాడు. పచ్చి క్యారెట్లు పెట్టిన రోజున మాత్రం అద్దం ముందుకి వెళ్ళి నిలబడి చెవులు తడుముకున్నాడు. “పెరుగుతున్నాయేమో చూడు,” అని భార్యని పిలిచాడు కూడా.

“తీర్పేమిటో చెప్పండి,” అంది ఆవిడ.

“కాదు.”

“అయితే రేపూ ఇదే.”

చివరికి ఆయన ఒక రాజీకి వచ్చాడు. ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకున్నారు.

“చూడూ, సాయంత్రం, రాత్రి నీ రాజ్యం. గడ్డి పెట్టు, తింటాను. పొద్దుటి టీ జోలికి మాత్రం రాకు. నేను ఫ్యాక్టరీకి వెళ్ళేది ఆ ఒక్క టీ తాగి. మూడు చెంచాల చక్కెర నాలుక మీద పడితేనే నా లెక్క మొదలవుతుంది. దాన్ని పట్టుకునే మిగతా తీపంతా కొలుస్తాను. అది మారిందంటే నా కుర్చీ పోయినట్టే. ఆ కుర్చీ పోతే నేనెవర్ని?”

“సరే,” అంది ఆవిడ.

“మాటిచ్చినట్టేనా?”

“ఇచ్చినట్టే.”

మాటిచ్చింది నోరు. మర్నాడు పొద్దున చెంచా పట్టుకుంది చెయ్యి. నోటికీ చేతికీ మధ్య మూరెడు దూరం ఉంటుంది కదా, ఆ దూరంలోనే ఆవిడ మనసు మారిపోయింది.

ఇందులో కొంత తప్పు కళ్ళజోళ్ళ షాపుది. మొండి ముసలివాళ్ళు అక్కడికి వచ్చి, పవర్ మార్చొద్దు, పాతదే ఇవ్వమని పట్టుపడతారు. ఒక్కసారిగా మారిస్తే వాళ్ళకి కళ్ళు తిరుగుతాయి, చదునుగా ఉన్న నేల గోతిలా కనిపిస్తుంది, మర్నాడే షాపు మీదికి యుద్ధానికి వస్తారు. అదే కొంచెం కొంచెంగా మార్చుకుంటూ పోతే ఏమీ తెలియదు. ‘చూశారా, నా కళ్ళు ఇంకా ఎంత బాగున్నాయో’ అనుకుంటూ దర్జాగా పేపరు చదువుకుంటారు. ఏళ్ళ తరబడి ఆ మర్మం తెలిసిన మనిషి చేతికి చక్కెర డబ్బా ఇస్తే ఏం చేస్తుంది?

ముందు చెంచా మీద గోపురం పోయింది. తరవాత చెంచా అంచు కనిపించింది. తరవాత మూడు చెంచాలు రెండై, రెండు ఒకటై, ఆ ఒక్కటీ సగమైంది, సగంలో సగమైంది. ఆవిడ ప్రతి మార్పు తరవాతా నాలుగు రోజులు ఆగి ఆయన మొహం చూసేది. ఆయన టీ తాగి, పెదాలు చప్పరించి, “ఇదీ టీ అంటే. మిగతావన్నీ నీ ఇష్టం గానీ దీన్ని మాత్రం నువ్వు పాడు చేయలేదు,” అని మెచ్చుకుని మరీ చెప్పులు తొడుక్కునేవాడు. వానలు మొదలై కాస్త తెరిపిచ్చేసరికి ఆ టీలో చక్కెర అనే పదార్థమే లేకుండా పోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. జిహ్వగారు రచ్చ గెలిచిన మాట నిజమే. ఇంట్లో మాత్రం ఇంత ఘోరంగా ఓడిపోయి, ఓడిపోయిన సంగతైనా తెలియని మహానుభావుడు మరొకడు ఉండడు.

పైగా సాయంత్రాలు వింతలు మొదలయ్యాయి. “ఈ క్యారెట్లు ఎక్కడ తెచ్చావు? తేనెలో ముంచి అమ్ముతున్నారా?” అనేవాడు. బొప్పాయి ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. కీరదోస నీళ్ళు అడిగి మరీ తాగేవాడు. మళ్ళీ పరీక్ష చేస్తే చక్కెర గీత కిందికి దిగింది. డాక్టరు కీరదోసని మెచ్చుకున్నాడు. ఆవిడ కీరదోస తరఫున తల వంచి నమస్కారం పెట్టి ఇంటికొచ్చి, తలుపేసుకుని తనివితీరా నవ్వుకుంది. తను గెలిచింది. ఎవరికీ చెప్పుకోలేని గెలుపైనా గెలుపు గెలుపే అనుకుంది.

ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. ఒక సాయంత్రం తమ్ముడు తలుపు కూడా కొట్టకుండా వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటివాడు ఆ రోజు నీళ్ళు తాగేదాకా మాట్లాడలేదు.

“అక్కా, మీ ఆయన నన్ను బతకనిచ్చేట్టు లేడు. కొన్నాళ్ళుగా నేను కలిపిన ప్రతి వాయీ ‘కాదు’. తీపెక్కువట. ఏనాడూ కారణం చెప్పని మనిషి ఇప్పుడు కారణం కూడా చెబుతున్నాడు. తీపెక్కువ, తీపెక్కువ.”

“నీ చెయ్యే జారిందేమో,” అంది ఆవిడ, ఉల్లిపాయ తరుగుతూ.

“చెయ్యి జారడానికి అది నీ పోపుల డబ్బానా? తూకం వేసి పోస్తాను. తూకం పట్టుకెళ్ళి పరీక్ష చేయించారు. బాగానే ఉందట. చక్కెర బస్తాలు పరీక్షించారు. అవీ బాగానే ఉన్నాయట. మేనేజరు ఏమన్నాడో తెలుసా? తూకం అబద్ధం చెప్పదు, జిహ్వగారు అబద్ధం చెప్పరు, ఇక మిగిలింది నువ్వే అన్నాడు. బావ నలుగురి ముందూ నాకు పిండి కలపడం రాదన్నాడు. నాకు, పిండి కలపడం.” వాడు గ్లాసు బల్ల మీద పెట్టాడు. “శనివారం మేనేజరు ఎదురుగా కలపాలట. బావ రుచి చూసి మళ్ళీ ‘కాదు’ అంటే నన్ను మిషను మీంచి తీసేసి అట్టపెట్టెలు అంటించే చోట వేస్తారు.”

ఆవిడ చేతిలో కత్తి ఆగిపోయింది. ఉల్లిపాయ తరిగేటప్పుడు ఒక సుఖముంది. కళ్ళలో నీళ్ళు ఎందుకొచ్చాయని ఎవరూ అడగరు.

తమ్ముడు వెళ్ళాక ఆవిడ స్టూలు మీద కూలబడింది. అడకత్తెరలో పోకచెక్కంటే ఏమిటో ఆవిడకి ఆ పూట తెలిసింది. చెబితే మొగుడి కుర్చీ పోతుంది. చెప్పకపోతే తమ్ముడి చెయ్యి పోతుంది. ఆయన నాలుకలో దోషం లేదు, వీడి చేతిలో దోషం లేదు. దోషమంతా తన చెంచాలో ఉంది.

తప్పు చేసినవాళ్ళెవరైనా చేసే మొదటి పని, చడీచప్పుడు కాకుండా దాన్ని సర్దేయాలని చూడడం. ఆవిడా అంతే చేసింది. మర్నాడు పొద్దున టీలో మూడు చెంచాలు, పూర్వంలా గోపురాలతో సహా, వేసి ఇచ్చింది. పాత తీపి తగిలితే పాత నాలుక లేస్తుందని ఆశ.

జిహ్వగారు ఒక్క గుక్క తాగి, లేచి, సింకు దాకా వెళ్ళి ఉమ్మేశాడు.

“ఏమిటిది? ఈ టీ కూడా మీ తమ్ముడే కలిపాడా?”

ఇంకెప్పుడైనా అయితే ఆవిడ ఆ మాటకి పడీపడీ నవ్వేది. ఆ పూట ఆవిడకి నవ్వు రాలేదు. ఒక్కసారిగా మారిస్తే కళ్ళు తిరుగుతాయని తెలిసిన మనిషికి, వెనక్కి మార్చినా తిరుగుతాయని తట్టకపోవడమేమిటి? మెల్లగా దింపిన నాలుకని మెల్లగానే ఎక్కించాలి. శనివారం చూస్తే రేపే.

షాపులో ఆ రోజు ఆవిడ ఒకరి కళ్ళజోడు ఇంకొకరికి తొడిగింది. చెప్పకపోతే ఏమవుతుందని కూడా ఆలోచించింది. అట్టపెట్టెలు అంటించినా జీతం అదే. కానీ తమ్ముడు చిన్నప్పుడు కూడా పిండి ముద్ద చేత్తో నొక్కి నీళ్ళెంతో చెప్పేవాడు. వాడికి వచ్చిన విద్య అదొక్కటే. అది రాదని పదిమందిలో అనిపించుకున్నవాడు పెట్టెలు అంటిస్తూ ఎన్నాళ్ళు బతుకుతాడు? వాడి చోటుకి ఇంకొకడొస్తాడు, వాడి వాయీ ‘కాదు’ అవుతుంది, వాడూ పోతాడు. అట్టపెట్టెల దగ్గర మనుషులు పెరగడం తప్ప లాభం లేదు. ఇక చెప్పక తప్పదనుకుంది.

సాయంత్రం ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి క్యారెట్ ముక్కల గిన్నె ముందుకి లాక్కున్నాడు. ఆవిడ ఎదురుగా కూర్చుంది.

“మీ టీలో చక్కెర తగ్గించాను,” అంది.

“ఇవాళా? ఇవాళ పాకం పోశావు.”

“ఇవాళ కాదు. ఎండాకాలం నుంచి. మీకు తెలియకుండా, కొంచెం కొంచెంగా.”

ఆయన నముల్తున్నది ఆపాడు. “రోజూ ఎంత వేస్తున్నావు?”

“వెయ్యట్లేదు.”

“అసలా?”

“అసలు.”

జిహ్వగారు చేతిలోని క్యారెట్ ముక్కని గిన్నెలో పెట్టేశాడు. కోపం వస్తుందనుకుంది ఆవిడ. కోపమొస్తే బాగుండేది. ఆయన మొహం నడివీధిలో దారి తప్పినవాడి మొహంలా అయిపోయింది.

“వాణ్ణి నలుగురిలో తిట్టాను,” అన్నాడు. “ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా నాలుక మారి వాడి చేతికి వంక పెట్టాను.”

“నాకు భయమేసిందండీ. నాన్న కాలు మీరు చూడలేదు. నేను చూశాను. మిమ్మల్ని అలా చూడాల్సి వస్తుందేమోనని నిద్ర పట్టేది కాదు.”

“నాకు చెప్పుండాల్సింది.”

“చెబితే ఒప్పుకునేవారు కాదు.”

“ఒప్పుకునేవాణ్ణి కాదు. నిజమే.” ఆయన గిన్నె పక్కకి జరిపాడు. “కానీ ఒప్పుకోకపోవడం నా వంతు. అది కూడా నువ్వే తీసేసుకున్నావు.”

 ఆవిడ తప్పయిపోయిందని అంది. ఆ రాత్రి ఆయన మొలకలు తిన్నాడు, ఆకుకూర తిన్నాడు, ఒక్క వెటకారమూ ఆడలేదు. వెటకారం లేని అన్నం ఆవిడకి చప్పగా తోచింది.

శనివారం పొద్దున ఆయన టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. షాపు నుంచి త్వరగా వచ్చేసి ఆవిడ గుమ్మంలోనే నిలబడింది. సాయంత్రం బావా బావమరుదులిద్దరూ కలిసి వచ్చారు. తమ్ముడి మొహం వెలిగిపోతోంది. ఆయన చంకలో ఒక చిన్న దిండు ఉంది. ఇన్నేళ్ళూ ఆ కుర్చీలో నడుము వెనక పెట్టుకున్న దిండు అది. ఆయన దాన్ని తెచ్చి ఇంట్లో కుర్చీలో వేసి, దాని మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు. దిండు చూడగానే ఆవిడకి సంగతి అర్థమైంది. 

చెప్పడం తమ్ముడి వంతు. చెప్పకపోతే వాడు చచ్చిపోయేట్టున్నాడు.

“మేనేజరు నిలబడ్డాడు, నేను నిలబడ్డాను. బావ బిస్కెట్టు విరిచాడు, నోట్లో పెట్టుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. ఎంతకీ తెరవడే! నేను మనసులో అట్టపెట్టెలు అంటించడం మొదలుపెట్టేశాను. అప్పుడు కళ్ళు తెరిచి, పిండిలో తప్పు లేదు, తీపి ఎప్పటిలాగే ఉంది, ఎప్పటిలాగా లేనిది నేను అన్నాడు. అదేమిటని మేనేజరు అడిగితే, చక్కెర నేనే మానేశాను, మానేసిన సంగతి మీకు చెప్పకపోవడం నాదే తప్పు అన్నాడు. నా చెయ్యి పట్టుకుని అందరి ముందూ, వీడి చేతికి వంక పెట్టినందుకు సిగ్గుపడుతున్నానన్నాడు.”

ఆవిడ భర్త వంక చూసింది. ఆయన దిండు అంచు సవరించుకుంటున్నాడు.

“అబద్ధమని నాకు తెలుసులే అక్కా,” అన్నాడు తమ్ముడు. “బావ తనంతట తాను చక్కెర మానేస్తే సూర్యుడు పడమట పొడుస్తాడు. ఇందులో నీ చెయ్యి ఉందని అక్కడే అనుకున్నాను. సరే, ఇంతకీ విను. ఇక రుచి ఎవరు చూడాలి? మన బిస్కెట్లు కొనేవాళ్ళలాగా తీపంటే ప్రాణం పెట్టేవాడు కావాలన్నాడు మేనేజరు. ఫ్యాక్టరీ అంతా ఒక్కసారి, టీని పాకంలా తాగే నా వైపు తిరిగింది. సోమవారం నుంచి కుర్చీ నాది. నా మిషను బావది.”

“పిండి నువ్వు కలిపినంత బాగా నాకు రాదురా,” అన్నాడు ఆయన.

“నేర్పిస్తాలే. కానీ మొదటి వాయికి మాత్రం ‘కాదు’ అంటాను. అంత కడుపుమంట ఉంది నాకు.”

ఆయన కొద్దిగా నవ్వాడు. బావమరిది పెద్దగా నవ్వాడు. ఆవిడ నవ్వలేక టీ పెట్టడానికి లేచింది. మొగుణ్ణి తీపిలోంచి లాగబోయి తమ్ముణ్ణి అందులోకి తోసింది. వాడూ ఆ తండ్రి కొడుకే కదా.

టీ మరిగాక వాళ్ళ ముందే కప్పుల్లో పోసి చక్కెర డబ్బా మూత తీసింది. తమ్ముడి కప్పు వైపు చెంచా వెళ్తూ వెళ్తూ దానంతటదే ఒకవైపు ఒరిగింది. చెంచా మీది చక్కెర కొంత జారి డబ్బాలో పడింది. ఆవిడ కావాలని చేసింది కాదు, చేతికి అలవాటైపోయింది. ఎండాకాలమంతా కనిపెట్టలేకపోయిన మనిషి ఇప్పుడు ఆ చెంచానే చూస్తున్నాడు.

“వాణ్ణి అడుగు,” అన్నాడు.

ఆవిడ చెంచా డబ్బాలోనే వదిలేసింది. “ఒరేయ్, ఒక చెంచా తగ్గించనా? నాన్న సంగతి నీకూ తెలుసుగా. నాకు భయంగా ఉంది.”

తమ్ముడు అక్క మొహంలోకి చూశాడు. వాడి హాస్యం కాస్త వెనక్కి తగ్గింది. “ఇప్పుడు కాదక్కా,” అన్నాడు. “ఇప్పుడిప్పుడే కుర్చీ ఎక్కుతున్నాను. మళ్ళీ అడుగు. అడగడం మాత్రం మానకు.”

ఆవిడ వాడికి నిండు చెంచాలు వేసింది. ప్రతి చెంచాకీ ప్రాణం చివుక్కుమంది, అయినా వేసింది. తరవాత భర్త కప్పు ముందు చెంచా పట్టుకుని ఆగింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. పూర్వం మూడు వేయాలని తెలుసు కాబట్టి అడగలేదు, తరవాత వేయకూడదని తనే అనుకుంది కాబట్టి అడగలేదు.

“మీకెంత వెయ్యమంటారు?”

ఆయన తొందరపడలేదు. మేనేజరు ముందు ఎంతసేపు ఆలోచించాడో అంతసేపూ ఆలోచించినట్టున్నాడు. ఆవిడ ఎంత చెబితే అంత వేయడానికే నిలబడింది.

“వద్దు,” అన్నాడు, కప్పు తన వైపు లాక్కుంటూ. “ఈసారి వద్దంటున్నది నేను.”